ప్రాజెక్ట్ రివ్యూ కమిటీలకు ఒక బహిరంగ లేఖ: ముందు మొత్తం సర్క్యూట్ అడగండి, ముక్కల సంగతి తర్వాత

ఈసీఈ, ఈఈఈ విభాగాల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులకు గైడ్లుగా ఉన్న సార్లకు, మేడమ్‌లకు, రివ్యూ కమిటీల్లో కూర్చునే హెచ్ఓడీలకు నమస్కారం.

నేను హైదరాబాద్‌లో సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేసే పనిలో ఉన్నాను. కాలేజీలు పిలిస్తే ప్రాజెక్ట్ ఎక్స్‌పోలకు వెళ్తుంటాను, మా ఆఫీసుకి ఇంటర్న్‌షిప్‌కి వచ్చే పిల్లల దగ్గర కూర్చుని పని చేయిస్తుంటాను. రెండు రాష్ట్రాల నుంచీ వస్తారు. తెలివైన పిల్లలు, కష్టపడతారు, ఒక్క ఆప్-యాంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్) స్టేజీ ఇచ్చి చేయమంటే వంక పెట్టడానికి లేకుండా చేసి చూపిస్తారు. అదే, నాలుగైదు ముక్కలు కలిపి ఒక పెట్టెలో పెట్టి నడిపించమంటే చేతులెత్తేస్తారు. తప్పు వాళ్లది కాదని నా గట్టి అభిప్రాయం. మనం వాళ్లని అడిగే ప్రశ్నల వరస తలకిందులుగా ఉంది, ఆ వరసని మార్చగలిగింది మీరే, అందుకే నేరుగా మీకే రాస్తున్నాను.

ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది ఇదీ. మొదటి రివ్యూలో ఒక స్లైడ్ మీద బ్లాక్ డయాగ్రామ్ ఉంటుంది. మధ్యలో మైక్రోకంట్రోలర్ అనే పెద్ద డబ్బా, చుట్టూ సెన్సర్, రిలే (కరెంటుతో నడిచే స్విచ్), ఎల్‌సీడీ, జీఎస్‌ఎం (ఫోన్ నెట్‌వర్క్ మాడ్యూల్), పవర్ సప్లై అనే చిన్న డబ్బాలు, వాటి మధ్య బాణాలు. ఆ బాణం మీద ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు అని ఎవరూ అడగరు. అడిగేది "అబ్‌స్ట్రాక్ట్ ఫార్మాట్‌లో ఉందా", "బేస్ పేపర్ ఏ సంవత్సరానిది". రెండో రివ్యూకి "ఏదో ఒక మాడ్యూల్ అవుట్‌పుట్ చూపించండి" అంటాం. ఇక అక్కడి నుంచి బ్యాచ్‌లో నలుగురుంటే నలుగురూ తలా ఒక ముక్క తీసుకుని దాన్ని సానబెట్టడం మొదలుపెడతారు. సెమిస్టర్ చివర్లో, రికార్డు బైండింగ్‌కి ఇచ్చే హడావుడిలో, ఇంటిగ్రేషన్ అనే మాట వినిపిస్తుంది. అప్పుడు మొదలయ్యే గొడవ మీకు నాకంటే బాగా తెలుసు: "నాది పనిచేస్తోంది సార్, వాడిదే రావట్లేదు." నలుగురూ అదే మాట అంటారు. నలుగురూ నిజమే చెప్తున్నారు కూడా.

ఊరికే మాటల్లో చెప్తే ఇది గాల్లో ఉంటుంది కాబట్టి, మన దగ్గర ఏటా ఎన్నో బ్యాచ్‌లు చేసే ప్రాజెక్టునే తీసుకుంటాను. పొలంలో తేమ చూసి, ఫోన్ నుంచి మోటారు వేసి ఆపే పెట్టె. రైతుకి నిజంగా పనికొచ్చే వస్తువు, అందుకే దీని మీద నాకు ప్రత్యేకంగా మమకారం. ఈ మధ్య ఒక కాలేజీలో చూసిన బ్యాచ్ తేమ సెన్సర్ మీద చేసిన పని చూస్తే ముచ్చటేసింది. నల్లరేగడి, ఎర్రమట్టి విడివిడిగా తెచ్చి, ఓవెన్‌లో ఎండబెట్టి తూకం వేసి, కొలిచి నీళ్లు పోసి, ఒక్కో స్థాయికి రీడింగ్ రాసుకుని గ్రాఫ్ గీశారు. అంత శ్రద్ధ పెద్ద ల్యాబుల్లోనూ అంత తేలిగ్గా కనబడదు. మరి ఆ సెన్సర్‌కీ పెట్టెకీ మధ్య దూరం ఎంత? మడిలో సెన్సర్, బోరు దగ్గర స్టార్టర్, అంటే 30 మీటర్ల వైరు అనుకోండి, అదీ మోటారు కేబుల్ పక్కనుంచే. మిల్లీవోల్టుల్లో చదవాల్సిన అనలాగ్ సిగ్నల్ ఆ దారిలో ఎలా వస్తుంది? పైగా ఆ రీడింగులన్నీ ల్యాప్‌టాప్ యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టుల మీద తీసినవి. ఆర్డుయినో ఊనో అనే కంట్రోలర్ బోర్డులో ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) మామూలుగా తన సప్లైనే రిఫరెన్స్‌గా పెట్టుకుంటుంది, పొలంలో ఆ సప్లై వేరే. అంటే వాళ్లు అంత అందంగా గీసిన గ్రాఫ్ ఆ పెట్టెలోకి వచ్చేసరికి చెల్లదు. సెన్సర్ పక్కనే ఒక చిన్న కంట్రోలర్ పెట్టి అక్కడే డిజిటల్ చేసి, దూరాలకి పనికొచ్చే ఆర్ఎస్-485 సీరియల్ లైను మీద పంపుదామని మొదటి వారంలోనే అనుకుని ఉంటే ఆ కష్టమంతా అక్కరకొచ్చేది.

అదే పెట్టెలో జీఎస్‌ఎం ముక్క చూద్దాం, ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. అందరూ కొనే సిమ్800ఎల్ మాడ్యూల్‌కి 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య సప్లై కావాలి. నెట్‌వర్క్‌తో మాట్లాడేటప్పుడు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, కాకపోతే ఏకధాటిగా కాదు, ప్రతి 4.6 మిల్లీసెకన్లకి ఒకసారి, 577 మైక్రోసెకన్ల పాటు. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఇది కనబడదు, సగటు చూపిస్తుంది, ఆ సగటు చూసి పిల్లవాడు "సప్లై సరిపోతోంది సార్" అంటాడు. బ్రెడ్‌బోర్డ్, సన్నటి జంపర్ వైర్లు కలిపి దారిలో అర ఓమ్ ఉందనుకోండి, 2 ఆంపియర్లకి 1 వోల్టు అక్కడే పోయింది, మనం 4.0 ఇచ్చామనుకుంటుంటే మాడ్యూల్‌కి చేరింది 3.0. అది ఠక్కున రీసెట్ అవుతుంది. పిల్లలు కోడ్ తప్పేమో అని రాత్రుళ్లు కోడ్ తిరగేస్తారు. ఎవరో చెప్తే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడతారు, మంచిదే, పెట్టాలి, కానీ ఆ బర్స్ట్ (క్షణకాలపు లాగుడు) మొత్తం ఆ కెపాసిటర్ ఒక్కటే మోయాలంటే దాని మీద 1.15 వోల్టులు పడిపోతుందని లెక్క వేసినవాళ్లు నాకు అరుదుగా కనబడ్డారు. క్యూ ఈక్వల్ టు సీ-వీ (ఛార్జ్ = కెపాసిటెన్స్ × వోల్టేజీ), ఇంటర్‌లో చదివిందే.

దాని తర్వాత సీరియల్ లైన్. ఊనోలో ఉన్న ఏటీమెగా328 చిప్ 5 వోల్టుల మీద నడుస్తుంటే, ఒక పిన్ మీద వచ్చినది హై (డిజిటల్‌లో 1) అని గ్యారంటీగా గుర్తించడానికి సప్లైలో 0.6 వంతు, అంటే 3.0 వోల్టులు కావాలి. సిమ్800ఎల్ పంపే హై 2.8 వోల్టులు. మామూలు గది వాతావరణంలో చాలాసార్లు పనిచేసేస్తుంది, అదే అసలు ప్రమాదం, డెమో రోజు పనిచేసి పొలంలో ఆగిపోతుంది. జీఎస్‌ఎం చూసే పిల్లవాడి ముక్క బాగుంది, కంట్రోలర్ చూసే అమ్మాయి ముక్క బాగుంది, రెండింటి మధ్య ఉన్న ఆ 0.2 వోల్టులు ఎవరి వాటాలోకీ రాలేదు.

ఇప్పుడు ఇదే ప్రాజెక్టుని రెండో వైపు నుంచి, అంటే మొత్తం నుంచి మొదలుపెడితే ఏమవుతుందో చూడండి. ముందు రైతు దగ్గరికి వెళ్లి అడిగితే ఆయన మొదట అడిగేది "కరెంటు పోతే, వస్తే నాకు తెలియాలి" అని. చిన్న మాటే కానీ డిజైన్ మొత్తాన్ని తిప్పేస్తుంది. కరెంటు పోయాక మెసేజ్ పంపాలంటే పెట్టెలో బ్యాటరీ ఉండాలి. బ్యాటరీ అంటే ఒక లిథియం అయాన్ సెల్ అనుకుందాం, నిండుగా ఉంటే 4.2 వోల్టులు, వాడేకొద్దీ తగ్గుతూ వస్తుంది. సిమ్800ఎల్‌కి కావలసింది 3.4 నుంచి 4.4. అంటే ఆ మాడ్యూల్‌ని నేరుగా సెల్ మీదే నడపొచ్చు! ఆ 2 ఆంపియర్ల బర్స్ట్ సెల్ ఇస్తుంది, పొట్టిగా, మందంగా ఉన్న ట్రాక్ వేస్తే చాలు, ఛార్జర్ తీరిగ్గా నింపుకుంటుంది. 4.0 వోల్టులు కచ్చితంగా రావాలని, రిపుల్ (వోల్టేజీలో అలలు) తగ్గాలని, ఒక బ్యాచ్ వారాల తరబడి వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టర్‌ని సానబెడుతుంటుంది కదా, ఆ బక్ కన్వర్టర్ అసలు అక్కర్లేదు. అది చెడ్డదని కాదు, చాలా బాగా చేశారు, కానీ మొత్తం బొమ్మలో దానికి చోటే లేదు. నేను ఈ ఉత్తరంలో చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క బక్ కన్వర్టర్‌లో ఉంది.

ఇంకా ముందుకు వెళ్దాం. కంట్రోలర్‌ని కూడా అదే సెల్ నుంచి 3.3 వోల్టుల మీద నడిపితే, దానికి హై అంటే 1.98 చాలు, సిమ్800ఎల్ పంపే 2.8 ధారాళంగా సరిపోతుంది, ఇందాకటి సమస్య ఈ వైపు నుంచి దానంతట అదే తీరిపోయింది. కంట్రోలర్ నుంచి మాడ్యూల్‌కి వెళ్లే లైనులో మాత్రం రెండు రెసిస్టర్లు పెట్టుకోవాలి. మరి 3.3 ఇవ్వడానికి అలవాటు ప్రకారం కోఠీ గుజరాతీ గల్లీలో చౌకగా దొరికే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ తెస్తే కుదరదు, దానికి లోపలికి వచ్చేది బయటికి వెళ్లేదానికంటే దాదాపు 1.1 వోల్టులు ఎక్కువ ఉండాలి, సెల్ నిండుగా ఉన్నప్పుడు కూడా అంత తేడా లేదు. పైగా పనేమీ లేనప్పుడు కూడా అది తనకోసం సుమారు 5 మిల్లీఆంపియర్లు తింటుంది. కాబట్టి తక్కువ డ్రాపవుట్ (ఆ లోపలి-బయటి తేడా) ఉన్నది వెతకాలి. రిలే సంగతి? రిలే కాయిల్ 70 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, సెల్ మీద వేస్తే భారమే. కానీ కరెంటు లేనప్పుడు మోటారు వేసే పనే లేదు కదా! కాబట్టి రిలేని మెయిన్స్ నుంచి వచ్చే 5 వోల్టుల మీదే ఉంచొచ్చు, బ్యాటరీతో దానికి సంబంధం లేదు. ఇలా కాగితం మీద ఒక సాయంత్రం కూర్చుంటే ఒక్కో నిర్ణయం పక్కదాన్ని తేలిక చేస్తూ పోతుంది. విడివిడిగా చేస్తే ఒక్కో ముక్క పక్కదాని నెత్తిన బరువు పెడుతుంది.

మొత్తం బొమ్మ ఒక్కోసారి చేదు నిజాలూ చెప్తుంది. స్టార్టర్ డబ్బా ఇనుముది, మే నెలలో ఎండలో ఉంటుంది. యాంటెన్నా లోపల పెడితే సిగ్నల్ రాదు, బయటికి తీయాలి. చాలా లిథియం అయాన్ సెల్స్‌ని 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయకూడదు, మధ్యాహ్నం ఆ డబ్బా లోపల అంతకంటే తక్కువ ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అప్పుడు థర్మిస్టర్ పెట్టి వేడిగా ఉన్నంతసేపు ఛార్జింగ్ ఆపాలి, లేదా డబ్బాని నీడకి మార్చాలి, లేదా వేరే రకం బ్యాటరీ చూసుకుని పైన చెప్పిన లెక్కంతా మళ్లీ వేసుకోవాలి. మళ్లీ వేసుకోవడానికి కాగితం, పెన్సిల్, ఒక గంట చాలు. అదే పీసీబీ అచ్చు వేయించాక తెలిస్తే డబ్బులూ పోయాయి, సెమిస్టరూ పోయింది. ఇంకొకటి, ఆ పొలంలో జియో సిగ్నల్ ఒక్కటే అందుతుంటే సిమ్800ఎల్ అసలు పనికిరాదు, అది 2జీ మాడ్యూల్, జియోకి 2జీ లేదు. ఈ ప్రశ్న వేయడానికి ఇంజినీరింగ్ డిగ్రీ కూడా అవసరం లేదు, పొలానికి ఒకసారి వెళ్లొస్తే చాలు.

మోటారు వైపు కూడా అంతే. మామూలు స్టార్టర్‌లో పచ్చ బటన్‌కి సమాంతరంగా ఒక రిలే కాంటాక్టు, ఎర్ర బటన్‌కి వరసలో ఇంకొక రిలే క్లోజ్డ్ కాంటాక్టు, అంతవరకు అందరూ చేస్తారు. కాంటాక్టర్ (మోటారుని కలిపే పెద్ద స్విచ్) కాయిల్ వదిలినప్పుడు వచ్చే కిక్‌కి కంట్రోలర్ రీసెట్ అవుతుంది, కాబట్టి కాయిల్ మీద స్నబ్బర్ (ఆ కిక్‌ని మింగే చిన్న సర్క్యూట్), గ్రౌండ్ దారులు వేరు చేయడం, ఇవన్నీ బోర్డు గీయకముందే అనుకోవలసినవి. అంతకంటే పెద్ద ప్రశ్న, కరెంటు తిరిగి రాగానే మోటారు దానంతటదే మొదలవ్వాలా వద్దా? ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తే ఏమవుతుందో లైన్‌మన్‌ని అడిగితే చెప్తాడు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతుల్ని కోరింది. మొదలవ్వాలి అనుకుంటే ఒక్కో పెట్టె ఒక్కో ఆలస్యంతో లేవాలి. వద్దు అనుకుంటే పాత స్థితి గుర్తుంచుకుని రైతుని అడగాలి. ఒక ఫేజు పోతే? ముందు ఆ సంగతి పసిగట్టాలి, కాబట్టి మూడు ఫేజులకీ మూడు ఆప్టోకప్లర్లు (సిగ్నల్‌ని కాంతితో దాటించి మెయిన్స్‌ని వేరుగా ఉంచేవి), కంట్రోలర్ మీద మూడు పిన్‌లు. ఇవన్నీ చివర్లో "యాడ్ చేద్దాం" అనుకుంటే చేరేవి కావు, పిన్‌లే మిగలవు.

పిన్‌లు అంటే గుర్తొచ్చింది, ఈ మధ్య ఎక్కువమంది ఈఎస్‌పీ32కి మారారు, వై-ఫై ఉన్న మంచి చిప్. కానీ దాని మొదటి తరం చిప్‌లో రెండు ఏడీసీలు ఉంటే, రెండోది వై-ఫై ఆన్‌లో ఉన్నప్పుడు వాడుకోలేం. సెన్సర్ చూసే విద్యార్థి 25, 26 నంబర్ల జీపీఐఓ పిన్‌ల మీద చక్కగా రీడింగులు తీసుకుంటాడు, వై-ఫై చూసే విద్యార్థిని విడిగా ఇంకో బోర్డు మీద సర్వర్‌కి డేటా పంపి చూపిస్తుంది, రెండూ ఒకే బోర్డు మీదకి రాగానే రీడింగులు ఆగిపోతాయి. డేటాషీట్‌లో, కంపెనీ డాక్యుమెంట్లలో స్పష్టంగా రాసి ఉన్న సంగతే. పిన్‌లన్నీ ఒక పట్టిక మీద రాసుకుని ఏది ఎవరికి అని ముందే పంచుకుని ఉంటే ఆ పిన్‌లు 32 నుంచి 39 మధ్యలోకి వెళ్లేవి, ఎవరి టైమూ పోయేది కాదు.

ఇదంతా ప్రాక్టికల్ తెలివి, సిలబస్‌లో లేదు అనుకోకండి. సిలబస్ నిండా ఇదే ఉంది, మనమే ముక్కలు చేసి చెప్తున్నాం. 1 కిలో ఓమ్, 100 నానోఫారడ్‌తో ఒక ఆర్‌సీ లో-పాస్ ఫిల్టర్ చేస్తే కటాఫ్ (సిగ్నల్ తగ్గడం మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) 1.59 కిలోహెర్ట్జ్, ల్యాబ్‌లో అందరూ చేస్తారు. అలాంటివే రెండు, ఒకటి వెనక ఒకటి నేరుగా కలిపితే కటాఫ్ ఎంత? తరగతిలో అడిగి చూడండి. ఎక్కువమంది 1.59 అనే అంటారు, కాస్త ఆలోచించేవాళ్లు 1.02 అంటారు. నిజానికి వచ్చేది సుమారు 595 హెర్ట్జ్, ఎందుకంటే రెండోది మొదటిదాన్ని లోడ్ చేస్తుంది, అంటే దాని నుంచి కరెంటు లాగుతుంది. 1.02 రావాలంటే మధ్యలో బఫర్ (లోడ్ పడకుండా ఆపే స్టేజీ) పెట్టాలి. రెండు ఫిల్టర్లూ విడిగా నూటికి నూరుపాళ్లు సరైనవే. ఆ రెసిస్టర్లని 1 శాతం నుంచి 0.1 శాతం టాలరెన్స్‌కి మార్చినా ఈ తేడా పోదు, ఎందుకంటే తప్పు ముక్కలో లేదు, కలిపిన చోట ఉంది.

రేడియో రిసీవర్ల గురించి వరసగా ఉన్న స్టేజీల మొత్తం నాయిస్‌ని లెక్కగట్టడానికి హెరాల్డ్ ఫ్రిస్ 1944లో ఇచ్చిన సూత్రం కూడా మీరు ఏటా చెప్పేదే. మొదటి స్టేజీ నాయిస్ ఫిగర్ (అది కలిపే నాయిస్ కొలత) 2 డీబీ, గెయిన్ 20 డీబీ అనుకోండి. రెండో స్టేజీ నాయిస్ ఫిగర్‌ని ఎంతో కష్టపడి 10 డీబీ నుంచి 3 డీబీకి తెచ్చామనుకుందాం. మొత్తం మీద దక్కేది 2.24 నుంచి 2.03, అంటే ఓ 0.2 డీబీ. అదే యాంటెన్నాకీ మొదటి స్టేజీకీ మధ్య 3 డీబీ నష్టం ఉన్న కేబుల్ పెట్టామంటే ఆ 3 డీబీ అచ్చంగా వచ్చి నెత్తిన పడుతుంది. యాంప్లిఫయర్‌ని ఎంత బాగా చేశాం అన్నదానికంటే ఎక్కడ పెట్టాం అన్నది పెద్ద నిర్ణయం, అది మొత్తం బొమ్మ చూస్తే తప్ప కనబడదు. ఏ ముక్క మీద కష్టపడాలో చెప్పేది కూడా ఆ బొమ్మే, ఇది నాకు ఈ సూత్రంలో అన్నిటికంటే నచ్చే సంగతి. ఊనో 10 బిట్ల ఏడీసీ 5 వోల్టుల రిఫరెన్స్ మీద ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టులు, ఎల్‌ఎం35 ఉష్ణోగ్రత సెన్సర్ డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది, అంటే అర డిగ్రీకి తక్కువ తేడా ఆ ఏడీసీకి కనబడదు. అక్కడ సెన్సర్‌ని సానబెట్టి లాభం లేదు, రిఫరెన్స్‌ని 1.1 వోల్టులకి మారిస్తే ఒక్క లైను కోడ్‌తో 0.1 డిగ్రీకి వస్తుంది.

మన ఊళ్లోనే చూడండి. హైదరాబాద్‌లో చిప్ డిజైన్ కంపెనీల్లో ఫిజికల్ డిజైన్ చేసే మన పిల్లలు ఏ పనితో మొదలుపెడతారు? ఫ్లోర్‌ప్లాన్. ఏ బ్లాక్ ఎక్కడ, పవర్ ఎటు నుంచి, పిన్‌లు ఏ అంచున, అది తేలాకే ప్లేస్‌మెంట్, క్లాక్ ట్రీ, రౌటింగ్. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్ అనే ప్రభుత్వ కంపెనీలు తయారు చేస్తున్న ఓటింగ్ యంత్రం 1982లో కేరళలోని పరవూరు అసెంబ్లీ ఎన్నికలో మొదటిసారి వాడారు. దానికి బయటి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ మీద నడుస్తుంది, కంట్రోల్ యూనిట్ అధికారి దగ్గర, బ్యాలెట్ యూనిట్ ఓటరు దగ్గర, మధ్యలో 5 మీటర్ల కేబుల్. కరెంటు లేని పోలింగ్ కేంద్రంలోనూ నడవాలి, ఓటు రహస్యంగా ఉండాలి అనే రెండు షరతులు ఆ యంత్రం ఆకారంలోనే కనబడుతున్నాయి, అవి ఏ ఒక్క ఐసీ పనితనంతోనూ వచ్చేవి కావు. అంతరిక్ష ప్రాజెక్టుల్లో కూడా ప్రిలిమినరీ డిజైన్ రివ్యూ ముందు, క్రిటికల్ డిజైన్ రివ్యూ తర్వాత. మనం పిల్లల్ని పంపాలనుకుంటున్న చోట్లన్నీ ఇదే వరస పాటిస్తున్నాయి, మన కాలేజీలో మాత్రం దీనికి ఎదురు వరస నేర్పిస్తున్నాం.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. "వాళ్లకి ఒక ట్రాన్సిస్టర్ బయాసింగే సరిగ్గా రాదు, సిస్టమ్ ప్లాన్ ఏం చేస్తారు?" అని ఒక గైడ్ నాతోనే అన్నారు, ఆయన మాటలో నిజం లేకపోలేదు. ముక్కలు తెలియకుండా గీసిన ప్లాన్ ఉత్త బొమ్మే. నేను ముక్కలు వదిలేయమనడం లేదు. ల్యాబుల్లో మూడేళ్లపాటు ముక్కలే నేర్పాం, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఒక్కటే వాటిని కలిపే అవకాశం, దాన్ని కూడా నాలుగో ల్యాబులా మార్చకండి అంటున్నాను. ప్రాజెక్టులో ఎవరూ ఇంతకుముందు చేయని కొత్త ముక్క ఏదైనా ఉంటే, అది అసలు సాధ్యమా కాదా అని ముందే ముతకగా చేసి చూడాల్సిందే. ఆ తెలిసినది వెంటనే ప్లాన్‌లోకి రావాలి. చూడటం వేరు, దాన్నే పట్టుకుని కూర్చుని సానబెట్టడం వేరు. ఇక ప్లాన్ మారుతుంది కదా అంటే, మారనివ్వండి. మారిన ప్రతిసారీ ఎందుకు మారిందో తేదీ వేసి రాసుకున్న బ్యాచ్, వైవాలో ఏ ప్రశ్నకైనా నిలబడుతుంది.

అందుకే నేను అడిగేది ఇది. మొదటి రివ్యూకి కిట్ తేవద్దని చెప్పండి, ఏ మాడ్యూల్ అవుట్‌పుట్టూ వద్దు. ఒక పెద్ద కాగితం మీద మొత్తం సర్క్యూట్ తెమ్మనండి, ప్రతి బాణం మీద అంకెలు ఉండాలి. ఆ తీగ మీద ఎన్ని వోల్టులు, సగటు కరెంటు ఎంత, క్షణకాలం లాగే గరిష్ఠం ఎంత, ఇచ్చేవాడి ఇంపెడెన్స్ ఎంత, తీసుకునేవాడిది ఎంత, తీగ పొడవు ఎంత. అంకె తెలియకపోతే అక్కడ ప్రశ్నార్థకం పెట్టమనండి, దానికి మార్కులు కోయకండి, దాచిపెడితే కోయండి. పక్కనే పవర్ పట్టిక, పిన్‌ల పట్టిక, దానితోపాటు ఏది ఆగితే పెట్టె ఏం చేయాలో నాలుగు వాక్యాలు. ఆ కాగితానికి ఇప్పుడు సెకండ్ రివ్యూకి ఇచ్చేన్ని మార్కులు ఇవ్వండి. నలుగురిలో ఎవరిని అడిగినా ఏ బాణం గురించైనా చెప్పగలగాలి, తన ముక్క దగ్గర ఆగిపోకూడదు.

రెండో రివ్యూకి మొత్తం ఒకసారి కదలాలి, ఎంత ముతకగా అయినా సరే. సెన్సర్ బదులు ఒక పొటెన్షియోమీటర్ తిప్పినా ఫర్వాలేదు, మోటారు బదులు బల్బు వెలిగినా ఫర్వాలేదు, కానీ నాబ్ తిప్పిన దగ్గర నుంచి ఫోన్‌లో మెసేజ్ వచ్చేదాకా దారి మొత్తం తెరుచుకోవాలి. ఆ తర్వాత ఎవరి ముక్కని వాళ్లు తీసి అసలుది పెట్టుకుంటూ, మెరుగుపరుచుకుంటూ పోవచ్చు, ప్రతిసారీ మొత్తం ఇంకా నడుస్తోందా లేదా అన్నది అప్పటికప్పుడే తెలుస్తుంది. ఆ మట్టిని తూకం వేసిన బ్యాచ్ శ్రద్ధకి అసలు చోటు ఇక్కడే.

దీనివల్ల మీకు ఇంకో మేలు. అమీర్‌పేటలో కిట్ కొనుక్కొచ్చి చూపించే అలవాటు మీ అందరికీ తలనొప్పే. కిట్ కొనుక్కోవచ్చు, రిపోర్టు కూడా దానితోపాటే వస్తుంది. కానీ ఈ తీగ మీద 577 మైక్రోసెకన్లు 2 ఆంపియర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఈ బ్యాటరీని ఎందుకు ఎంచుకున్నావు, వద్దనుకున్నది ఏది అని అడిగితే, ఆ కాగితం స్వయంగా గీసినవాళ్లు తప్ప ఎవరూ జవాబు చెప్పలేరు. వైవాలో 8051 మైక్రోకంట్రోలర్ పిన్ డయాగ్రామ్ చెప్పు అనే ప్రశ్నని ఇకనైనా వదిలేసి, కాగితం ముందు పెట్టుకుని ఇలాంటివి అడగండి. ఎక్స్‌టర్నల్‌గా వచ్చేవారికి కూడా ఆ కాగితం కాపీ ముందే పంపండి.

వచ్చే సెమిస్టర్ రివ్యూ తేదీల సర్క్యులర్ తీసేటప్పుడు రెండో రివ్యూ దగ్గర "మాడ్యూల్ అవుట్‌పుట్" అనే మాట కొట్టేసి, మొదటి రివ్యూ దగ్గర "అంకెలతో పూర్తి సర్క్యూట్ ప్లాన్" అని రాయించండి. అన్ని బ్యాచ్‌లకీ ఒకేసారి కుదరకపోతే ఒక్క సెక్షన్‌తో మొదలుపెట్టండి. ఆ రివ్యూకి నన్ను పిలిస్తే సెలవు పెట్టుకుని వస్తాను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటాను, టీఏ, డీఏ ఏమీ అక్కర్లేదు. నాలాగే బోర్డుల పనిలో ఉండి, తాము చదివిన కాలేజీకి ఒక రోజు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు ఈ నగరంలో చాలామందే ఉన్నారు, మీ పూర్వ విద్యార్థుల జాబితాలో ఒకసారి చూసి ఫోన్ చేయండి.

ఇట్లు,
బోర్డుల పనిలో ఉన్న ఒక ఇంజినీరు, హైదరాబాద్